మిషన్ మీది సరే, నేల ఎవరిది?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. విదేశాల వాళ్ళు మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు, ఉంగరాలు వెతికే వీడియోలు చూసి సరదా పుట్టి నేనూ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. మా దొడ్డి, మా పొలం మొత్తం తిరిగేశాను. కొత్తపట్నం బీచ్‌కి పోతే తడి ఇసుకలో మిషన్ ఆగకుండా కూస్తూనే ఉంది. పోయిన నెల మా పిన్ని వాళ్ళ ఊళ్ళో చెరువు గట్టు మీద చూస్తుంటే జనం మూగి, గుప్తనిధుల కోసం వచ్చావా అని నిలదీశారు. పిన్ని వచ్చి చెప్తే గానీ వదల్లేదు. కొత్త చోట్లు ఎలా వెతుక్కోవాలి? ఎవరి దగ్గర పర్మిషన్ తీసుకోవాలి? పెద్ద కాయిల్ (మిషన్ కింద నేల మీద తిప్పే చక్రం) కొంటే ఉపయోగం ఉంటుందా?

సమాధానం: ముందు ఆ ఊరి వాళ్ళ తరఫున ఒక మాట. వాళ్ళు నిలదీయడంలో తప్పేమీ లేదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గుప్తనిధుల ముఠాల బెడద ఈనాటిది కాదు. పాడుబడ్డ గుడిలో నందిని పగలగొట్టడం, ధ్వజస్తంభం మొదట్లో తవ్వి పోవడం, పొద్దున్నే ఊరు లేచి చూసేసరికి గుంట, పక్కన కుంకుమ, నిమ్మకాయలు. ఇలాంటివి చూసిన జనానికి మీ చేతిలో మిషన్ కనిపిస్తే ఇంకేం అనుకుంటారు? ఆ ముఠాల దగ్గర ఉండేదీ ఇలాంటి మిషనే.

పైగా మీరు ఎంచుకున్న చోటు చెరువు గట్టు. అది ఎవరి పట్టా కాదు, సర్కారు పోరంబోకు. గట్టు మీద జానెడు గుంట తీసినా రైతుకు గుండె ఝల్లుమంటుంది. నవంబరులో తుపాను వాన దంచి కొట్టినప్పుడు గండి పడేది అలాంటి బలహీనమైన చోటే. కాబట్టి చెరువు గట్లు, కాలువ గట్లు మీ లిస్టులోంచి ఈరోజే కొట్టేయండి. పర్మిషన్ అడిగినా ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇక కొత్త చోట్ల సంగతి. మ్యాపులు, పాత పుస్తకాలు తర్వాత చూద్దాం. అన్నిటికంటే బాగా పనిచేసే దారి ఒకటుంది: పోయిన వస్తువు వెతికిపెట్టడం. మన పల్లెల్లో నాట్లప్పుడు, కలుపు తీసేటప్పుడు, గడ్డివామి వేసేటప్పుడు కమ్మలు, మాటీలు, కాలి మెట్టెలు పోగొట్టుకోని ఆడవాళ్ళు ఉండరు. 'ఫలానా వాళ్ళబ్బాయి దగ్గర మిషన్ ఉంది, వెతికిపెడతాడు, డబ్బులు కూడా తీసుకోడు' అన్న మాట ఒక్కసారి పాకితే చాలు. నిన్నటి దాకా అనుమానంగా చూసినవాళ్ళే చేను గట్టు దాకా వెంటబెట్టుకుని వెళ్తారు. ఆ పొలం చూశాక పక్క పొలం ఆయన, మా దాంట్లో కూడా ఒకసారి చూడు నాయనా అంటాడు. మీరు నోరు తెరిచి పర్మిషన్ అడగక్కర్లేదు.

అలా వెతికేటప్పుడు పద్ధతి ఉండాలి. వస్తువు పోగొట్టుకున్న మనిషిని వెంట ఉంచుకోండి. ఆ రోజు ఎక్కడ మొదలుపెట్టారు, నీళ్ళు ఎక్కడ తాగారు, తలగుడ్డ ఎక్కడ విప్పి దులిపారు, ఇవి అడగండి. కమ్మ ఎక్కువగా ఊడేది తలగుడ్డ విప్పిన చోటే. అక్కడ రెండు మేకులు కొట్టి పురికొస కట్టి, దాని వెంటే వెతికి, ఆ వరస పూర్తయ్యాక పురికొసను కాయిల్ వెడల్పులో సగం జరిపి మళ్ళీ రండి. కాయిల్ నేలకు దాదాపు తగులుతున్నట్టు, నిదానంగా తిప్పండి. చిన్న బంగారు కమ్మ ఇచ్చే మోత పెద్దగా ఉండదు, మాత్రల అట్ట మీది అల్యూమినియం రేకు ఇచ్చే మోతలాగే సన్నగా ఉంటుంది. అందుకే రేకు అనుకుని వదిలేయకుండా సన్నమోతలన్నీ తీసి చూడాల్సిందే. సన్నటి గొలుసయితే మిషన్‌కి సరిగా అందదు, ఆ మాట వాళ్ళకు ముందే చెప్పండి. కమ్మ దొరికాక శీల కోసం కూడా ఆ చుట్టుపక్కలే ఇంకోసారి చూడండి. శీల ఊడబట్టే కదా కమ్మ పడింది.

మన దగ్గర పెద్దగా ఎవరూ చూడని మంచి చోటు పాత కళ్లం దొడ్లు. వరికోత యంత్రాలు రాకముందు ఊరు ఊరంతా నూర్పిళ్ళకు అక్కడే చేరేది. కూలి డబ్బులు అక్కడే పంచేవాళ్ళు, రాత్రిళ్ళు కాపలా పడుకునేవాళ్ళు. ఇప్పుడవి ఖాళీగా, కంపచెట్లు మొలిచి పడున్నాయి. యజమాని ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, పంట నష్టం అన్న మాటే రాదు. అలాగే కూల్చబోతున్న పాత పెంకుటిళ్ళ వాకిళ్ళు. ఇంటివాళ్ళు అక్కడే ఉండగా చూడండి, దొరికింది వాళ్ళ చేతికే ఇవ్వండి. తాత దాచిన బీరువా తాళం దొరికినా వాళ్ళకు సంబరమే. పాత సంత జరిగిన ఖాళీ స్థలాలు కూడా మంచివే. అవి పంచాయతీవి కాబట్టి సర్పంచ్‌తో, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడాలి.

ప్రకాశం వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల చుట్టూ చూద్దామని అనుకుంటారేమో, నా మాట విని వద్దు. వేడి పంపే ఇనుపరేకు గొట్టాలు తుప్పుపట్టి ముక్కలై ఆ మట్టిలో కలిసిపోయి ఉంటాయి, మిషన్ ఒక్క క్షణం నోరు మూయదు. కొణిజేడు వైపు కొండల్లో ఉన్నది ఇనుపరాయే, ఆ చుట్టుపక్కల మట్టిలోనూ ఇదే గోల. మీ పొలంలో ఏమీ దొరక్కుండానే మిషన్ కూస్తుంటే మిషన్ చెడిపోయిందని టెన్షన్ పడొద్దు. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకు మిషన్ కూయకుండా చేసే సెట్టింగు) ఆ నేల మీదే సెట్ చేసి, సెన్సిటివిటీ తగ్గించి చూడండి.

పొలాలకు వెళ్ళే కాలం కూడా ముఖ్యం. నెల్లూరు డెల్టాలో అయితే రబీ కోతలు అయ్యాక, ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్ళు వదిలేలోపు. మీ వైపు పొగాకు మోళ్ళు పీకేసి దున్నిన చేలు. నాటిన చేలోకి, మొలక వేసిన చేలోకి ఎంత తెలిసినవాళ్ళదైనా దిగొద్దు.

పర్మిషన్ అడగడంలో మనవాళ్ళు తరచూ మర్చిపోయే మనిషి కౌలు రైతు. పాసుబుక్కు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న ఆయన పేరు మీద ఉంటుంది. చేలో రోజూ తిరిగేది ఇంకొకరు. ఓనరు ఫోన్లో సరే అన్నంత మాత్రాన మీరు నేరుగా దిగితే కౌలు రైతుకు కోపం రాదా? ముందు ఆయన్ని కలవండి, తర్వాత ఓనరుకు ఫోన్ చేయించండి. సర్వే నంబరు, హద్దులు సరిగా తెలియకపోతే సచివాలయంలో సర్వేయర్‌ని అడిగితే చెప్తారు. పక్క పొలంలోకి తెలియక రెండడుగులు వెళ్ళినా గొడవే. హద్దు రాళ్ళు ఆయన చేతే చూపించుకోండి.

మాట చాలు కదా అనిపిస్తుంది కానీ ఒక కాగితం ఉంటే మీకే మంచిది. పెద్ద స్టాంపు పేపరేమీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద ఇంత రాయించుకోండి: 'ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలో ఉన్న నా పొలంలో ఫలానా తేదీన పగటిపూట మెటల్ డిటెక్టర్‌తో పైపైన వెతకడానికి ఫలానా వారికి నా సమ్మతి. జానెడు లోతుకు మించి తవ్వరు. తీసిన గుంట వెంటనే పూడుస్తారు. ఏ వస్తువు దొరికినా నాకు చూపిస్తారు. పాత వస్తువు అయితే అక్కడే ఆపి తహసీల్దారు గారికి తెలియజేస్తారు.' కింద ఓనరు సంతకం, కౌలు రైతు సంతకం, ఫోన్ నంబర్లు. ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. వేరే ఊరు వెళ్ళేటప్పుడు సచివాలయంలో వీఆర్‌ఓకి, మహిళా పోలీసుకి ఆ కాగితం ముందే చూపించి వెళ్ళండి. ఎవరైనా స్టేషన్‌కి ఫోన్ చేసినా అక్కడివాళ్ళకు మీ సంగతి తెలిసి ఉంటుంది.

చూసేవాళ్ళ కంటికి ఎలా కనిపిస్తున్నారు అన్నది సంతకం కంటే తక్కువ విషయం కాదు. చీకటిపడ్డాక వద్దు. అమావాస్య రోజున పగలైనా వద్దు, నవ్వకండి, ఊళ్ళో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. బండి రోడ్డు మీద అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ ఊరి మనిషి ఒకరు వెంట ఉండాలి. గడ్డపార, పార తీసుకెళ్ళొద్దు, కలుపు తీసే బొరిగె చాలు. పిల్లలు వెంటపడితే తరమకండి, హెడ్‌ఫోన్ ఒకసారి వాళ్ళ చెవికి పెట్టండి. ఇంటికెళ్ళి సీసా మూతలు, మేకులు దొరికాయని వాళ్ళే చెప్తారు, ఊళ్ళో సగం అనుమానం అక్కడికే పోతుంది. రొయ్యల చెరువుల దగ్గర మాత్రం యజమాని పక్కన లేకుండా అడుగు పెట్టకండి. మోటార్ల దొంగతనాలతో వాళ్ళు ముందే విసిగి ఉన్నారు, పైగా ఏరేటర్లకు వేసిన కరెంటు వైర్లు మట్టిలోనే ఉంటాయి. బొరిగె తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అసలు అడగకూడని చోట్లు. రిజర్వు అడవి, గుడి ప్రాంగణాలు, దర్గాలు, శ్మశానాలు, రేవు పట్టణాల పోర్టు స్థలాలు. ఉదయగిరి దుర్గం లాంటి కోటల వైపు మిషన్‌తో అసలు పోవద్దు. సంరక్షిత కట్టడాలంటే కట్టడం ఒక్కటే కాదు, చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కనపర్తి, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన మోటుపల్లి లాంటి పాత ఊళ్ళలో ఎవరో పట్టాదారు ఒప్పుకున్నా నేనైతే మిషన్ తీయను.

పాటిదిబ్బలు కూడా అంతే. ఊరి బయట బూడిదరంగు మన్ను, కుండపెంకులు, పాత ఇటుకలతో ఎత్తుగా ఉండే దిబ్బ మీ వైపు కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. రైతులు తరతరాలుగా ఆ పాటిమన్ను ఎరువుగా తోలుకున్నారు. అది వందల ఏళ్ళ కిందట జనం బతికిన ఊరు. పైపైన నాణేలు దొరికే అవకాశం నిజంగానే ఉంది, అందుకే చెప్తున్నాను వద్దని. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసానివి, బజారులో ధర పలికేవి కావు. ఏ పొరలో, ఏ పెంకు పక్కన ఉందో తెలిస్తేనే చరిత్రకారుడికి పనికొస్తుంది. మీరు పీకి జేబులో వేసుకున్నాక దాంతో ఎవరికీ పనిలేదు.

నెల్లూరు దగ్గరే జరిగిన సంగతి ఒకటి ఉంది. 1780ల్లో ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంత నిండా రోమన్ బంగారు నాణేలు. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫౌస్టీనా బొమ్మలున్నవి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఈ తీరానికి రోమ్‌తో ఉన్న వ్యాపారానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలు తెప్పించుకోగలిగాడు, మిగిలినవి ఎన్నో, ఎవరివో ఇక తెలియదు. ఆ రైతును తప్పుపట్టలేం, ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. మీకు చట్టం ఉంది.

ఆ చట్టం 1878 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉన్న ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏమిటది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ రోజు దొరికింది. వస్తువును దగ్గరలోని ట్రెజరీలో అప్పగించాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తానని పూచీ ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. మీ వాటా కూడా పోతుంది. తెలిపితే నోటీసు వేసి హక్కుదారులను పిలుస్తారు. ఎవరూ అసలు యజమాని అని తేలకపోతే, మీకూ నేల యజమానికీ మధ్య ముందే ఒప్పందం లేని పక్షంలో నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవారికి, ఒక వంతు నేల యజమానికి. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. ఓనరు ఇచ్చిన సమ్మతి కాగితం పొలంలో అడుగు పెట్టడానికే, దొరికినదాని మీద హక్కు దాంతో రాదు.

దీనికి తోడు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. అయిదో జార్జి బొమ్మ ఉన్న నాణెం దొరికిందనుకోండి, దాని మీది సంవత్సరం చూడండి. 1918 అయితే వందేళ్ళు దాటింది, 1930ల నాటిదైతే దాటలేదు. ఒకే రాజు బొమ్మ అయినా లెక్క వేరు.

కాబట్టి ఒక్క నాణెం కాకుండా గుంపుగా తగిలినా, ఇటుకవరస, ముంత, బూడిదమన్ను కనిపించినా చేయి ఆపేయండి. కదిలించకుండా ఫొటో తీయండి, తోమొద్దు, కడగొద్దు. పొలం ఆయన్ని, వీఆర్‌ఓని పిలిచి తహసీల్దారు ద్వారా కలెక్టరుకు ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ కాపీ జాగ్రత్త.

పాత పుస్తకాల గురించి అడగబోతారని తెలుసు. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ చూడండి, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఒంగోలు వాణ్ణి, నాకు నెల్లూరు పుస్తకం ఎందుకు అనుకోకండి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాలోకి వెళ్ళేదాకా నెల్లూరులోనే ఉండేది, కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు ఊళ్ళ సంగతులు కూడా అందులోనే ఉంటాయి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేసిన నెల్లూరు శాసనాల మూడు సంపుటాలు ఉన్నాయి. శాసనం ఉన్న ఊరు పాత ఊరు, అలాంటి ఊళ్ళకు దూరంగా ఉండటానికి ఆ పుస్తకం. బకింగ్‌హాం కాలువ పాత పడవ రేవులు, పాత ట్రంకు రోడ్డు పక్కన బండ్లు ఆగిన చింతతోపులు, ఇలాంటివి తెలుసుకోవడానికి మాన్యువల్ కంటే ఊళ్ళో ఎనభై ఏళ్ళ పెద్దాయనే నయం. టీ కొట్టు దగ్గర కూర్చుని అడిగితే ఆ స్థలం ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో కూడా ఆయనే చెప్తాడు.

బీచ్ సంగతికి వద్దాం. కొత్తపట్నంలో మీ మిషన్ కూయడానికి కారణాలు రెండు. ఉప్పునీళ్ళు నిండిన ఇసుక కరెంటును పారనిస్తుంది, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే మామూలు మిషన్ దాన్నే లోహం అనుకుంటుంది. రెండోది మన తీరంలో ఉండే నల్ల ఇసుక, అందులో ఇనుము ఉన్న ఖనిజాలు ఎక్కువ. తడి ఇసుక వదిలేసి, జనం కూర్చునే పొడి ఇసుకలో చూడండి. కార్తీక పౌర్ణమి స్నానాల మర్నాడు, ఆదివారం సందడి తర్వాత సోమవారం తెల్లవారాక వెళ్ళండి. మైపాడు, కోడూరు, పాకల, ఎక్కడైనా ముందు ఆ పాలెం పెద్దలతో, మెరైన్ పోలీసులతో ఒక మాట చెప్పాలి. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, ఇసుకలో పాకిన జాడలు కనిపిస్తే ఆ చుట్టుపక్కల బొరిగె పెట్టొద్దు. బీచ్‌లో దొరికిన ఉంగరం ఎవరిదో ఒకరిదే అయి ఉంటుంది. దగ్గర్లోని అవుట్‌పోస్టులో ఇచ్చి పేరు రాయించుకోండి. నెల్లూరు రొట్టెల పండగ తర్వాత స్వర్ణాల చెరువు దగ్గర చూడాలని చాలామందికి ఉంటుంది. దర్గా కమిటీ, కార్పొరేషన్ రెండూ రాసిస్తే తప్ప ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

పెద్ద కాయిల్ ఇప్పుడే వద్దు. అది లోతు చూపిస్తుంది, నిజమే. కానీ జానెడు కంటే లోతు తవ్వబోమని మీరే రాసిచ్చాక ఆ లోతుతో పనేముంది? కళ్లం లాంటి చోట మేకులు, సీసా మూతల మధ్యలో పెద్ద కాయిల్ అన్నిటినీ కలిపి ఒకే మోతగా వినిపిస్తుంది. చిన్న కాయిల్ అయితే మేకు పక్కనున్న మెట్టెను విడిగా చెప్తుంది, బరువు తక్కువ, మధ్యాహ్నానికి భుజం నొప్పి పుట్టదు. ఆ డబ్బుతో పిన్‌పాయింటర్ కొనండి. బొరిగెతో తీసిన మట్టిలో వస్తువు ఎక్కడుందో అది వేలంత దగ్గరకు చూపిస్తుంది, గుంట చిన్నదవుతుంది, పొలం ఆయనకూ పేచీ ఉండదు. కొనేటప్పుడు నీళ్ళు తగిలినా చెడనిది చూసుకోండి, మీకు సముద్రం దగ్గర కదా.